తోక దిగింది

ఆ పరుగుల జట్టులో ఆమెను అందరూ తోక అనేవారు. అందులో కాస్త వెటకారం ఉందేమో గానీ తిట్టు మాత్రం లేదు. ప్రతి ఆదివారం కొండ దారిలో పరుగుకు వెళ్ళే ఆ పాతికమందిలో అందరికన్నా వెనక ఉండటం ఆమె పని. ఎవరైనా కూలబడితే లేపాలి. దారి తప్పితే ఈల వెయ్యాలి. ఎంత నెమ్మదిగా వచ్చేవాళ్ళనైనా తరుముతున్నట్టు కాకుండా, కాస్త ఎడంగా ఉండి తీసుకురావాలి. అందుకు గుర్తుగా నారింజ రంగు వానకోటు ఒకటి ఆమె నడుముకు కట్టుకునేది. కొండ దిగాక ఆ కోటును అడుగున ఉన్న ఇనుప గేటుకు తగిలించాలి. గేటు మీద కోటు కనబడిందంటే జట్టు మొత్తం దిగినట్టే. కెప్టెన్ “తోక దిగింది!” అని ఒక కేక పెడతాడు. బళ్ళు స్టార్టవుతాయి. ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు.

ఆ ఆదివారం కోటు దిగింది గానీ తోక దిగలేదు.

ఎక్కుతున్నప్పుడే చినుకులు మొదలయ్యాయి. ముందు వెళ్ళినవాళ్ళు కొండ కొమ్మును ముట్టుకుని తిరిగొస్తూ, ఎదురైన ఆమె అరచేతిలో అలవాటు ప్రకారం ఒక దెబ్బ వేసి దిగిపోతున్నారు. చేతిలో చెయ్యి పడితే ఆ మనిషి లెక్కలోకి వచ్చినట్టు. ఆమె పైనున్న వైర్‌లెస్ టవరు దగ్గరికి చేరేసరికి మిగిలింది ఇద్దరే. ఒకాయన తాళాలాయన. మార్కెట్లో చిన్న బడ్డీలో తాళంచెవులు కోస్తాడు. డాక్టరు నడవమంటే, నడిచేవాళ్ళు ఎక్కడా దొరక్క పరిగెత్తేవాళ్ళలో వచ్చి పడ్డాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని కొండెక్కే ఆ మనిషి, ఆమె చేతిలో దెబ్బ కూడా అడిగి వేసినట్టు మెల్లగా వేసి పక్కకు తప్పుకున్నాడు. రెండో ఆవిడ కొత్తగా చేరిన టీచరమ్మ. వానకు తడిసి గజగజ వణుకుతోంది. పెదాలు నీలంగా మారాయి.

“ఇదిగో, ఇది తొడుక్కో,” అంటూ ఆమె తన నడుముకున్న కోటు విప్పి, టీచరమ్మకు తొడిగి, మెడ దాకా జిప్పు లాగింది. “ఎక్కడా ఆగకు. ఆగితే వణుకు ఎక్కువవుతుంది. తిన్నగా కిందికి పో.”

“మరి మీకండీ?”

“నాకేం, ఒంటి నిండా కొవ్వుంది.”

టీచరమ్మ నవ్వబోయింది గానీ పళ్ళు టకటక కొట్టుకోవడంతో కుదరలేదు. గబగబా దిగిపోయింది.

మామూలుగా అయితే దిగేముందు ఆమె టవరు చుట్టూ ఉన్న గోడను ఒకసారి చుట్టి వస్తుంది. ఆ రోజు వాన అడ్డంగా కొడుతోంది. అందరి చేతులూ తన చేతిలో పడ్డాయి కదా, ఇంకెవరుంటారు అనుకుని దిగడం మొదలుపెట్టింది.

రెండో మలుపులో కంకర జారింది. కుడి పాదం లోపలికి మడతపడి, చీలమండలో ఏదో కలుక్కుమంది. బోర్లా పడలేదు గానీ కూర్చుండిపోయింది. లేచి, మట్టి దులుపుకుని, రోడ్డు కిందికి చూసింది. ఎవరూ లేరు. మెడలో ఉన్న ఈల తీసి వేసింది. గాలి ఆ చప్పుణ్ణి ఎటు ఎత్తుకుపోయిందో తెలియదు. కాసేపాగి మళ్ళీ వేసింది. కింద ఎక్కడో మలుపులో నారింజ రంగు చుక్క ఒకటి కనబడి మాయమైంది.

ఫోను ఇంట్లోనే ఉంది. పరిగెత్తేటప్పుడు నడుము సంచిలో అది ఎగిరెగిరి పడుతుందని ఆమె తెచ్చుకోదు. ‘సరేలే, గేటు దగ్గర కోటు కనబడకపోతే వాళ్ళే పైకొస్తారు,’ అనుకుంది. ఎన్నోసార్లు వానలో, ఎండలో తన కోసం గేటు దగ్గర నిలబడి అరటిపళ్ళు తింటూ కబుర్లాడుకున్న జట్టే కదా. కోటు ఎవరి ఒంటి మీద ఉందో ఆ క్షణాన ఆమెకు తట్టలేదు.

కొండ ఎక్కేటప్పుడు గుండెకు కష్టం, దిగేటప్పుడు కాళ్ళకు కష్టం. కుంటుకుంటూ దిగితే రెండు కాళ్ళ బరువూ ఒక కాలే మొయ్యాలి. ఎడమ తొడ ముందు కండ సలసల కాగుతోంది. తడిసిన బూటులో వేళ్ళు ముందుకు జారి గోళ్ళు నొక్కుకుంటున్నాయి. మలుపు మలుపుకూ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చునేది. పాదం నేలకు ఆనకుండా పట్టుకుని, కింద రోడ్డు మీద ఎవరైనా వస్తున్నారా అని చూసేది. ఎవరూ రాకపోతే లేచేది. వాన తగ్గింది. చలి తగ్గలేదు. పాడుపడ్డ నీళ్ళ తొట్టి దగ్గర ఇంకోసారి ఈల వేసింది, ఈసారి ఆశతో కాదు, కోపంతో.

గేటు కనబడేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. గేటు ముందు ఖాళీ జాగాలో టైర్ల గుర్తులు, అరటి తొక్కలు ఉన్నాయి. చెట్టు కింద ఎవరిదో పాత స్కూటరు ఒకటి తడిసి నిలబడి ఉంది. గేటు కడ్డీకి నారింజ రంగు కోటు చక్కగా తగిలించి ఉంది. దాని చేతుల చివర్ల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

ఏం జరిగిందో అప్పుడర్థమైంది. టీచరమ్మ కొత్త మనిషి, కోటు అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. తీసింది, తగిలించింది, వెళ్ళింది. మిగతా వాళ్ళకు తెలుసు. వాళ్ళు కోటును చూశారు. మనిషిని చూడలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళు ఎదురుచూసింది కోటు కోసమే కాబోలు అనిపించేసరికి ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. నలభై దాటిన మనిషి, కాలు బెణికితే ఏడవని మనిషి, ఒక వానకోటును చూసి వెక్కివెక్కి ఏడ్చింది. దూరంగా బస్సు హారను వినబడ్డాక ముక్కు తుడుచుకుని, కోటు లాక్కుని, ఎక్కి కూర్చుంది.

ఇంటికొచ్చాక మూడో అంతస్తు దాకా మెట్లెలా ఎక్కాలన్నది సమస్యయింది. మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి, పై మెట్టు మీదికి జరుగుతూ ఎక్కింది. రెండో అంతస్తులో ఎవరింట్లోనో టీవీలో జనం నవ్వుతున్నారు. గది తాళం తీసి, గోడ పట్టుకుని వంటగట్టు దగ్గరికి వెళ్ళి, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలన్నీ బకెట్లో వేసి, నీళ్ళు పట్టి, పాదం ముంచింది. మొదట మంట, ఆ తర్వాత నొప్పి, ఆ తర్వాత ఏమీ లేదు. చీలమండ బన్నులా ఉబ్బింది. బొటనవేలి గోరు నల్లబడింది.

తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కింది. అన్నంలో రెండు ఉడకబెట్టిన గుడ్లు చిదుపుకుని ఉప్పు చల్లుకుని తింది. ఆకలి ఎంత ఉందో తినడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు. గిన్నె అడుగు గీరేదాకా తిని, నేల మీద పడుకుని, నడుము గోడకు ఆనించి, కాళ్ళు గోడ మీదికి చాపింది. అప్పుడు ఫోను తీసింది.

జట్టు గ్రూపులో మెసేజీలు బారులు తీరి ఉన్నాయి. కెప్టెన్ ఫోటోలు పెట్టాడు. “అంత వానలోనూ అందరూ క్షేమంగా దిగారు. తోకకు జోహార్లు!” అని రాశాడు. దాని కింద చప్పట్ల బొమ్మలు. మళ్ళీ చప్పట్ల బొమ్మలు. ఫోటోలన్నీ చూసింది. గేటు దగ్గర అందరూ వరుసగా నిలబడి తీయించుకున్న ఫోటోలో తను లేదు. లేదని ఎవరూ రాయలేదు.

“నేనింకా దిగనేలేదు, ఎవరికి జోహార్లు?” అని టైపు చేసింది. చెరిపేసింది. “మీరంతా బాగానే ఉన్నారా?” అని ఎత్తిపొడుపుగా రాసింది. అదీ చెరిపేసింది. చెప్పుకుంటే ఏముంది? అయ్యో అంటారు. కెప్టెన్ ఒక దండం బొమ్మ పెడతాడు. తను నోరు తెరిచి చెప్తే గానీ తెలియని సంగతి, తెలిసినా ఒకటే తెలియకపోయినా ఒకటే. అసలు ఒక్కరైనా అడగాలి. ‘నువ్వెలా దిగావు?’ అని ఒక్కరు, ఒక్క మాట. అడిగితే అంతా చెప్తుంది. బుధవారం సాయంత్రం జట్టు మైదానంలో కలుస్తుంది. ఆలోగా ఎవరూ అడక్కపోతే కోటూ ఈలా కెప్టెన్ చేతిలో పెట్టి దండం పెట్టేస్తుంది. అంతే. అలా తీర్మానించుకున్నాక కాస్త హాయిగా కూడా అనిపించింది. అలగడంలో ఉన్న సుఖం అలాంటిది మరి.

సాయంత్రం ఫోను మోగింది. తమ్ముడు. ఆదివారం ఆదివారం చేస్తాడు.

“అక్కా, తెల్ల చొక్కా మీద సిరా పడింది. ఏం చెయ్యాలి?”

“ఆరిందా, తడిగా ఉందా?”

“ఆరింది. మీ మరదలు వేణ్ణీళ్ళలో వేద్దామంటోంది.”

“వద్దురా, వేణ్ణీళ్ళలో వేస్తే మరక అతుక్కుపోతుంది. స్పిరిట్ దూదితో అద్దమను. రుద్దొద్దు, అద్దాలి.”

“అద్దాలి. సరే. ఇంకేంటక్కా, పరుగు బాగా అయిందా?”

ఆమె గొంతు సర్దుకుంది. “ఇవాళ ఏమైందంటే...”

“ఒక్క నిమిషం అక్కా, వేసేస్తోంది, వేసేస్తోంది! ఆగవే, వేణ్ణీళ్ళు కాదంటే! అక్కా, మళ్ళీ చేస్తా.”

మళ్ళీ చెయ్యలేదు. చొక్కా ఏమైందో ఏమో.

సోమవారం పొద్దున లేచేసరికి ఒళ్ళంతా ఎవరో బాదినట్టుంది. రెండు తొడలూ కొయ్యబారిపోయాయి. మంచం అంచు మీద నుంచి లేవడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. చీలమండకు సాగే గుడ్డ పట్టీ బిగించి చుట్టి, పెద్ద సైజు చెప్పులేసుకుని పనికి వెళ్ళింది.

ఆమె పనిచేసేది ఒక హోటల్ నేలమాళిగలోని లాండ్రీలో. అక్కడ కిటికీలుండవు. ఆవిరి, సబ్బు వాసన, పెద్ద డ్రమ్ములు తిరిగే చప్పుడు. ఇస్త్రీ రోలర్ల మధ్య నుంచి పెద్ద దుప్పట్లు వెచ్చగా, బల్లపరుపుగా బయటికొస్తుంటే ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. ఆమె జోడీ తనకన్నా పెద్దది, మాటల పుట్ట. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి జరిగి, ఒక్క విదిలింపుతో ముడతలు రాల్చి, ఎదురెదురుగా నడిచి కొసలు కలిపి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని, మళ్ళీ వెనక్కి. రోజంతా అలా కలుసుకోవడం, విడిపోవడం. సగం నడక ఒకరిది, సగం ఇంకొకరిది.

“ఏంటి కుంటుతున్నావ్?” అంది జోడీ.

“కొండ.”

“ఆ కొండ నీకేం చేసింది, ఊరికే వెళ్ళి దాని మీద పడతావు? నా మోకాళ్ళు చూడు, ఇంట్లో మెట్లెక్కితేనే పటపటలాడుతున్నాయి. నిన్న మా ఆయన ఏమన్నాడో తెలుసా...” అని జోడీ ఎత్తుకుంది. ఆయన అన్నది, ఈవిడ తిరిగి అన్నది, పక్కింటావిడ విన్నది, అన్నీ వచ్చాయి. ‘ఎలా దిగావు’ మాత్రం రాలేదు. ఈవిడా ఇంతే అనుకుంది ఆమె. అలా అనుకుంటూ, దుప్పటి కొసలు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. జోడీ ఆ కబుర్లన్నీ చెప్తూనే తన సగంతో పాటు ఆమె సగం కూడా నడిచి వస్తోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దుప్పట్ల నడకంతా జోడీదే. అలకలో ఉన్న మనిషి కదా, అది ఆమె కంట పడలేదు.

మంగళవారం వాపు కొంచెం తీసింది. ఉబ్బినచోట పసుపూ ఊదా కలిసిన రంగు దిగింది. పని నుంచి వచ్చి, నేల మీద కూర్చుని, పాదం మీదికి తువ్వాలు వేసి రెండు చేతులా మెల్లగా లాక్కుంది. వేళ్ళతో గాల్లో అక్షరాలు రాసినట్టు చీలమండ తిప్పింది. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటానికి చూసింది, తూలింది, మళ్ళీ నిలబడింది. దెబ్బ తగిలిన కాలు ఎంత మర్యాదగా బాగుపడుతోందో చూసి ఆమెకు ముచ్చటేసింది. మనసు మాత్రం ఆదివారం ఎక్కడుందో అక్కడే, ఆ గేటు ముందే నిలబడి ఉంది.

కెప్టెన్ నుంచి మెసేజీ వచ్చింది. “తోకక్కా, ఈ ఆదివారం కూడా కొండే. రెడీయేనా?” కింద నవ్వు ముఖం. ఆమెకు ఒళ్ళు మండింది. చూసినట్టు గుర్తు పడనిచ్చి, జవాబు ఇవ్వకుండా ఫోను బోర్లా పెట్టింది.

బుధవారం సాయంత్రం కోటూ ఈలా గుడ్డసంచిలో పెట్టుకుని మైదానానికి వెళ్ళింది. ఆ స్కూలు మైదానానికి ఒక పక్క సిమెంటు మెట్ల వరుస ఉంది. జట్టు అప్పటికే చేరి ఒళ్ళు వంచుతోంది. కెప్టెన్ మధ్యలో నిలబడి ఎవరి నడుము సరిగ్గా వంగలేదో అరిచి చెప్తున్నాడు. బట్టల షాపులో మేనేజరతను. గొంతు పెద్దది. మనసు కూడా చిన్నదేమీ కాదు, కాకపోతే అందులో ఒకేసారి రెండు సంగతులు పట్టవు.

“రా రా తోకక్కా! ఆదివారం అదేం దిగడం? ఇలా ముఖం తిప్పి అలా చూసేసరికి కోటు వేలాడుతోంది. కనీసం కనబడి పోవచ్చుగా!”

పుండు మీద కారం చల్లినట్టయింది. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. ఏమనాలో దారంతా కూర్చుకుని వచ్చింది. మొదటి మాట నాలుక చివర ఉండగానే టీచరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

“అమ్మయ్య, వచ్చారా! ఆ రోజు మీ కోటు నా ప్రాణం కాపాడిందండీ. తడిసిపోయిందని, ఆరుతుందని గేటుకి తగిలించా. మా ఆయన తొందరపెడుతుంటే వెళ్ళిపోయా. తీసుకున్నారు కదా?”

కెప్టెన్ చేతిలోని స్టాప్‌వాచీ అక్కడే ఆగింది.

“అదేంటి? కోటు తగిలించింది నువ్వా?” అన్నాడు. టీచరమ్మ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఆమె చీలమండకున్న పట్టీ చూశాడు. అతని ముఖంలో రంగు మారింది. “మరి... నువ్వెప్పుడు దిగావక్కా? ఎలా దిగావు?”

ఒళ్ళు వంచుతున్నవాళ్ళందరూ నిటారుగా లేచి ఇటు చూశారు. నాలుగు రోజులుగా ఆమె కాచుకున్న మాట అది. అందరూ వింటున్నారు. ఇంక చెప్పడమే తరువాయి.

“ఆవిడ నాకోసం ఉండిపోయారండీ.”

మాట మెట్ల మీద నుంచి వచ్చింది. తాళాలాయన. రెండు మోకాళ్ళకూ పట్టీలు వేసుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో అందరి ముందూ ఆయన గొంతెత్తడం అదే మొదటిసారి. ఎత్తినవాడు ఆపలేకపోయాడు.

“చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ రోజు పైన నాకు కడుపు మోసం చేసింది. ఈవిడ చేతిలో చెయ్యి కొట్టి గోడ వెనక్కి పోయా. చాలాసేపు అక్కడే ఉండాల్సొచ్చింది. బయటికొస్తే నరమానవుడు లేడు. అయిపోయిందిరా, వదిలేసి పోయారు అనుకున్నా. తీరా చూస్తే రెండో మలుపులో ఈవిడ కూర్చుని ఉన్నారు. నేను బయల్దేరగానే లేచి, నా నడకకు తగ్గట్టు మెల్లగా నడిచారు. ఇంక ప్రతి మలుపులోనూ అంతే. నేను వచ్చేదాకా కూర్చోడం, రాగానే లేవడం. ఒంటి మీద కోటైనా లేదు. మధ్యమధ్యలో ఈల వెయ్యడం, ఇదిగో ఇక్కడే ఉన్నానని. పలకరిస్తే నేను సిగ్గుపడతాననేమో, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇలాంటి మనిషిని నేను చూళ్ళేదండీ.”

 కెప్టెన్ ఛాతీలోంచి పెద్ద నిట్టూర్పు బయటికొచ్చింది.

“అదీ! తోకంటే అదీ! కొట్టండి చప్పట్లు!”

కొట్టారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ కొట్టింది. ఆమె సంచిలో పెట్టిన చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. తల కొట్టేసినట్టయింది. తనను వదిలేసి పోయారని చెప్పుకోవడానికి వచ్చింది. తను వదిలేసి వచ్చిన మనిషి లేచి తనకు దండలు వేస్తున్నాడు. గోడ చుట్టూ తిరిగి రావడానికి ఎంతసేపు పట్టేది? వాన పడుతోందని తిరగలేదు. కెప్టెన్ కోటును చూసుకుని వెళ్ళిపోతే, తను చేతిలో పడ్డ దెబ్బను చూసుకుని వెళ్ళిపోయింది. అంతకన్నా తేడా ఏముంది?

కెప్టెన్ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. “ఈయన ఉన్నాడు కాబట్టి సరిపోయింది గానీ, నేను చూసుకోలేదక్కా. తప్పయింది. ఇకనుంచి కోటు చూసి కదిలేది లేదు, తలకాయలు లెక్కపెడతా.” ఆమె తలూపింది. అతను జట్టును మైదానం చుట్టూ తోలుకుపోయాడు.

ఆమె మెట్లు ఒక్కొక్కటే ఎక్కి తాళాలాయన పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరూ పరిగెత్తేవాళ్ళను చూశారు. ఆయన వేళ్ళ చివర్లు ఇనుప రజనుతో నల్లగా ఉన్నాయి.

“నేను మీకోసం ఆగలేదండీ,” అంది.

ఆయన ఇటు తిరిగాడు.

“మీరు వెనక ఉన్నారని నాకు తెలీదు. నా కాలు బెణికింది. నడవలేక కూర్చున్నాను. ఈల వేసింది కిందివాళ్ళ కోసం. గోడ చుట్టూ తిరిగి చూడాల్సింది, చూళ్ళేదు. మిమ్మల్ని వదిలేసి వచ్చేశాను.”

ఆయన మోకాలి పట్టీ అంచు సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు.

“మా ఆవిడతో కూడా చెప్పానే,” అన్నాడు చివరికి, తనలో తను అనుకున్నట్టు.

“క్షమించండి. నన్ను వాళ్ళు వదిలేశారని నాలుగు రోజుల్నుంచి కుమిలిపోతున్నా. మీకు నేను చేసింది కూడా అదే. ఇద్దరం ఒంటరిగానే దిగాం.”

“లేదు లేదు,” అన్నాడాయన వెంటనే. “మీరు దిగారు ఒంటరిగా. నేను కాదు. నాకు మీరు కనబడుతూనే ఉన్నారు కదా.”

ఆమె తలెత్తి ఆయన్ను చూసింది.

“మీరు నీళ్ళ తొట్టి దగ్గర బూటు విప్పి మళ్ళీ వేసుకున్నారు. నేనూ అక్కడ పైన కూర్చుని బూటు దులుపుకున్నా. ఒకచోట పిట్టగోడ మీద రెండు చేతులూ పెట్టి ఎవర్నో తిట్టారు. మాటలు వినపళ్ళేదు గానీ చేతులు చూస్తే తిట్లే. మీరు ఆగినప్పుడల్లా కిందికే చూశారు. ఒక్కసారి పైకి చూసుంటే నేను కనబడేవాణ్ణి.” కాస్త ఆగాడు. “గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఏడ్చారు కదా?”

“ఆఁ,” అంది ఆమె. “ఏడ్చాను.”

“అప్పుడు పిలుద్దామనే అనుకున్నా. గొంతు దాకా వచ్చింది. ఏమని పిలవను? ఏడుస్తున్న ఆడమనిషిని పట్టుకుని, వెనకనుంచి, ‘ఓ తోకా!’ అని కేకేస్తే బాగుంటుందా?”

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఎక్కువైంది. నవ్వుతుంటే తొడలు నొప్పెట్టాయి, పక్కటెముకలు నొప్పెట్టాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మొదట బిక్కమొహం వేసి, తర్వాత తనూ నవ్వాడు.

“చెల్లెమ్మా అనాల్సింది,” అంది ముఖం తుడుచుకుంటూ. “తిరిగి చూసేదాన్ని కదండీ.”

“తెలీలేదమ్మా,” అన్నాడాయన.

“సరే, మీ సంగతి చెప్పండి. పైన గోడ వెనక్కి పోయారా, అక్కణ్ణుంచి మొదలెట్టండి. కడుపు మోసమంటే ఏం తిన్నారసలు పొద్దున?”

ఆయన గొంతు సవరించుకుని, చుట్టుపక్కల ఎవరూ లేరు కదా అని చూసుకుని, ముందురోజు రాత్రి భోజనం దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఆమె దెబ్బతగిలిన కాలు కింది మెట్టు మీదికి చాపుకుని, అటు తిరిగి కూర్చుని వింటోంది.

కింద మైదానంలో పరుగు ముగిసింది. కెప్టెన్ జట్టును వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కళ్ళ మీదా వేలు ఆడిస్తూ లెక్కపెడుతున్నాడు. చివరిదాకా వెళ్ళాడు. ఇద్దరు తక్కువొచ్చారు. బుర్ర గోక్కుని, మళ్ళీ ఈ చివరికొచ్చి, మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.